లస్కరుగారు మెచ్చిన ఆట

మొన్న మా షాపుకు వీడియోలు తీసి పెట్టే ఆయన ఒకడు వచ్చాడు. చేతిలో ఫోను, కాలరుకు మైకు, ముఖాన తొందర. మంచి రోల్ ప్లేయింగ్ గేముకు ఉండాల్సిన పది లక్షణాలు చెప్పమన్నాడు, ఒక్కోటి మూడు సెకన్లలో. బెజవాడలో ఈ ఆటల పిచ్చి ముదిరిన ఆడమనిషి ఒకామె ఉందని ఎవరో చెప్పారట. అందులో అబద్ధమేమీ లేదు. మనం ఇంకొకరి వేషం కట్టి, ఎవరిదో దేశంలో పడి, అక్కడి జనంతో మాట్లాడుతూ, వాళ్ళ పనులు నెత్తినేసుకుంటూ, వాటి మంచిచెడ్డలు మోస్తూ నెలల తరబడి ఆడే ఆటలవి. పెళ్ళయి పన్నెండేళ్ళు, ఈ ఆటలు మొదలుపెట్టి పదహారేళ్ళు. ఏది ముందో మా ఆయనకు బాగా తెలుసు.

నేను గొంతు సవరించుకుని, ముందు ఆ ఆటలో ఊరికి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయో చూడాలి అన్నాను. ఆయన ఫోను కాస్త దించాడు. రెండోది, ఎవరింట్లోనైనా కుండలో చెయ్యి పెడితే ఆ ఇంటావిడ మనల్ని తిట్టాలి అన్నాను. ఆయన ఫోను పూర్తిగా దించేసి, గ్రాఫిక్సు గురించి చెప్పండి మేడం అన్నాడు. వీడియో వచ్చింది. అందులో నేను నాలుగు సెకన్లు కనిపించి, "గ్రాఫిక్సు కూడా ముఖ్యమేనండి" అంటాను.

నీళ్ళ మాట, కుండ మాట నావి కావు. లస్కరుగారివి. ఆయన పోయి రెండు నెలలైంది. మూడు సెకన్లలో చెప్పటం నాకు చేతకాదు కనుక ఇలా రాస్తున్నాను.

మాది కోర్టు పక్క సందులో జిరాక్సు షాపు. ముందు గదిలో జిరాక్సు మిషను, కంప్యూటరు, పిన్నుల డబ్బా. వెనక గదిలో ఏసీ, పెద్ద టీవీ, రెండు గేము మిషన్లు, స్ప్రింగులు తేలిన సోఫా. వెనక గదికి వచ్చేది కాలేజీ పిల్లలు. సాయంత్రం వస్తారు, ఫుట్‌బాల్ ఆడతారు, తుపాకులు కాలుస్తారు, బూతులు తిట్టుకుంటారు, పోతారు. గంటల లెక్కన ఆడే చోట వంద గంటల ఆటను ఎవరూ ముట్టుకోరు. అది నాకోసం నేను కొనుక్కున్నది. పదకొండు దాటి కోర్టులో పిలుపులు మొదలయ్యాక సందు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆడుకుంటాను.

రెండేళ్ళ కిందట మే నెలలో ఒకరోజు లస్కరుగారు సమన్ల కాగితం జిరాక్సు తీయించుకోవడానికి వచ్చారు. అరవై దాటిన మనిషి. పైన ఉతికి ఉతికి రంగు పోయిన ఖాకీ చొక్కా, కింద మోకాళ్ళ పైకి కట్టిన పంచె. రిటైరై రెండేళ్ళయినా ఆ చొక్కా వదల్లేదు. వెంట ఎర్ర తువ్వాలు వేసుకున్న ఇంకొకాయన. ఇద్దరిదీ ఒకే కేసు, ఒకే వాయిదా, కంకిపాడుకు ఒకే బస్సు. వెనక గది తలుపు కింద నుంచి వస్తున్న చల్లగాలికి ఎదురుగా చెరో కాలు పెట్టి నిలబడ్డారు. నాకు జాలేసి లోపల కూర్చోమన్నాను. ఎర్ర తువ్వాలాయన సోఫాలో కూలబడి రెండు నిమిషాల్లో గురక అందుకున్నాడు. ఖాకీ చొక్కాయన టీవీ చూశారు.

తెర మీద నా వీరుడు కొండకొమ్మున నిలబడి ఉన్నాడు. కింద లోయలో ఊరు. పైన ఒక పెద్ద రెక్కల పాము నిప్పులు కక్కుతోంది. ఆ దృశ్యం కోసమే జనం ఆ ఆట కొంటారు. ఆయన చాలాసేపు చూసి, "ఆ ఊరికి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయమ్మా?" అన్నారు.

ఆటలోపల అంతా తిరిగి చూశాం. బావి లేదు, చెరువు లేదు, కాలువ లేదు. నది ఉంది కానీ కొండకు అవతల ఉంది, అది కూడా పల్లం నుంచి మెరకకు పారుతోంది. ఆయనకు ఆ ఊరి మీద ఆసక్తి అక్కడితో పోయింది. నీళ్ళు లేని చోట మనుషులు ఉండరు కదా, ఇక ఆ పాము ఎవర్ని తగలబెడుతున్నట్టు అన్నారు. నేను అప్పటికి ఆ ఊరిని మూడుసార్లు కాపాడి ఉన్నాను. నాకు చాలా కోపం వచ్చింది.

ఆయన చేసిన ఉద్యోగం అలాంటిది. కాలువల శాఖలో లస్కరు అంటే తూముల కాపలాదారు. పంట కాలువ మీద తూముకు షట్టరు, షట్టరుకు గొలుసు, గొలుసుకు తాళం, తాళంచెవి లస్కరు మొలతాడుకు. నీళ్ళు తక్కువైనప్పుడు వంతులు వేస్తారు. మూడు రోజులు ఎగువ ఊరికి, మూడు రోజులు దిగువ ఊరికి. వంతు మారే వేళకు తూము తీయాలి, మూయాలి. అంతే ఉద్యోగం. అంతేనా అని నేను అన్నందుకు ఆయన నన్ను మూడు వాయిదాల పాటు "కలెక్టరుగారూ" అని పిలిచారు.

ఆయనకు ఆట ఆడే మీటల కంట్రోలరు పట్టుకోవటం నేర్పించాను. మొదటి ఆటలో పేరు పెట్టమంటే "లస్కరు" అని పెట్టుకున్నారు. ఆటలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కనుక ఎవరేం మాట్లాడినా నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. నా నోటికి అండీ లేకుండా మాట రాదు. దాంతో కొమ్ముల రాక్షసుడు కూడా "ఈ రోజు మిమ్మల్ని చంపేస్తానండీ" అని గుహలోంచి లేచేవాడు. ఆయన దానికి నవ్వలేదు, తప్పు పట్టారు. అంత మర్యాద తెలిసినవాడు గుహలో ఎందుకుంటాడు అన్నారు. అక్కడి నుంచి రాక్షసులకు ఒరేయ్, రాజులకు ఏమయ్యా, ఆడవాళ్ళకు అండీ అని మేమే ఖాయం చేసుకున్నాం.

ఈ ఆటల్లో ఒక ఆచారం ఉంది. వీరుడనేవాడు ఎవరింట్లోకైనా దూరి పెట్టెలు తెరవచ్చు, కుండల్లో చెయ్యి పెట్టచ్చు, దొరికింది సంచిలో వేసుకోవచ్చు. ఇంటావిడ పక్కనే నిలబడి, ఈ ఏడు పంటలు బాగున్నాయి అంటుంది. లస్కరుగారు మొదటిసారి నేను అలా చేయటం చూసి తల పక్కకు తిప్పుకున్నారు. ఆయన ఆడేటప్పుడు గుమ్మం దాటేవారు కాదు. బయటే నిలబడి మాట్లాడే మీట నొక్కేవారు, ఎవరైనా బయటికి వస్తారేమోనని. ఎవరూ వచ్చేవారు కాదు. ఒక ఆటలో మాత్రం పొరపాటున ఒక కుండ పగలగొట్టారు. ఇంటావిడ కేకలేసింది, చుట్టుపక్కల వాళ్ళు మూగారు, భటులు వచ్చి ఆయన్ను కొట్లో వేశారు. ఆయన సంతోషం చూడాలి. ఊరంటే అలా ఉండాలని ఎర్ర తువ్వాలాయన్ను నిద్రలేపి మరీ చెప్పారు.

ఇరవై తోడేళ్ళను చంపితే పాయింట్లు వస్తాయి, ఆ పాయింట్లతో వంట నేర్చుకోవచ్చు అని చెప్పిన రోజు ఆయన కంట్రోలరు కింద పెట్టేశారు. తోడేలుకూ పప్పుచారుకూ ఏమిటి సంబంధమో నన్ను చెప్పమన్నారు. పదహారేళ్ళుగా నాకు రాని సందేహం. మా ఇంట్లో వంట నేనే చేస్తాను, ఒక్క తోడేలును కూడా చంపలేదు. మంచి ఆటల్లో చేసిన పనే చేతికి వస్తుంది, చేయని పని రాదు అని ఆయన తేల్చారు. ఆ తర్వాత నేను చాలా పేరున్న ఆటలు పక్కన పడేయాల్సి వచ్చింది.

అన్నిటికంటే ఆయనకు ఒళ్ళు మండేది ఆగే కాలం చూసి. ఆటలో ఒకడు రొప్పుతూ పరిగెత్తుకొస్తాడు, శత్రువులు పొద్దుటికల్లా ఊరి మీద పడతారు, కాపాడమంటాడు. మనం సరేనని నెల రోజులు చేపలు పట్టుకుని వెళ్ళినా శత్రువులు పొలిమేరలో బుద్ధిగా నిలబడి ఉంటారు. "వంతు ఆగిద్దా అమ్మా ఎవరికోసమైనా?" అనేవారు. అలా అన్నప్పుడల్లా చెయ్యి నడుము దగ్గరికి పోయేది. అక్కడ తాళంచెవి లేదు, అప్పగించి చాలా కాలమైంది. చెయ్యికి ఆ సంగతి తెలియదు.

ఇంకో వింత ఏమిటంటే ఆటలో తాళం వేసిన తలుపు కనిపిస్తే ఆయన వెనక్కి తిరిగేవారు. తాళాలు తీసే పుల్లలు సంచి నిండా ఉన్నా ఒక్కసారి కూడా వాడలేదు. డ్యూటీ అలవాటు అనుకున్నాను. నాకు అంతకంటే బుర్ర పనిచేయలేదు.

రెండో వేసవిలో ఒక ఆట తెప్పించాను. అందులో ఏటి ఒడ్డున పడవ నడిపే ముసలాయన ఒకడున్నాడు. కూతురికి జ్వరం, కొండ మీద నుంచి ఆకు తెచ్చిపెట్టమన్నాడు. లస్కరుగారు సరేనని మాటిచ్చారు. ఇచ్చి, దారిలో ఎవరో కట్టిన ఆనకట్ట చూసి అటు నడిచారు. వెళ్ళి చూసి రండి, తొందరేం లేదు, ఈ ఆటల్లో అందరూ మనకోసం ఆగుతారని చెప్పింది నేనే. రెండు వాయిదాలు ఆనకట్ట దగ్గరే గడిచాయి. మూడో వాయిదా నాడు ఆకు కోసుకుని వెళితే గుడిసె పక్కన కొత్త మట్టి దిబ్బ ఉంది. ముసలాయన పడవలో అటు తిరిగి కూర్చున్నాడు.

లస్కరుగారి ముఖం వెలిగిపోయింది. "ఇదమ్మా ఆటంటే" అన్నారు. ఇన్నాళ్ళకు ఆగని కాలం కనిపించింది ఆయనకు. మాట్లాడే మీట నొక్కారు. ముసలాయన తిరగలేదు. మళ్ళీ నొక్కారు. అలా ఎన్నిసార్లు నొక్కారో నేను లెక్కపెట్టలేదు కానీ వెలుగు మాత్రం ముఖంలోంచి పోయింది.

దీనికింత బాధ దేనికని నేను ఉపాయం చెప్పాను. ఆట అప్పటిదాకా ఎలా ఉందో దాచుకున్న పాత సేవ్ ఒకటి ఉంది, అక్కడికి వెళ్ళిపోదాం, ముందు ఆకే తెద్దాం, పిల్ల బతుకుతుంది, ఇదంతా జరగనట్టే అన్నాను. ఆటంతా నేనలాగే ఆడతాను. తప్పు మాట అంటే వెనక్కి, తప్పు దారి పడితే వెనక్కి. నా వీరులంతా అందుకే అంత మంచివాళ్ళు.

"ఆ ముసలాయనకి గుర్తుండదా?" అని అడిగారు.

ఉండదన్నాను.

"నాకు గుర్తుండిద్దిగా అమ్మా."

ఆ మాట అని కంట్రోలరు సోఫా మీద పెట్టేశారు. పక్కన ఎర్ర తువ్వాలాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆయన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, కేసు సంగతి మొత్తం చెప్పారు. ఏడాదిగా సమన్లు జిరాక్సు తీస్తున్నా నేనెప్పుడూ అందులో ఏముందో చదవలేదు.

కాలువకు నీళ్ళు సరిగా రాని ఏడాది అది. ఆ రోజు వంతు దిగువ ఊరిది, అంటే లస్కరుగారి సొంత ఊరిదే. పొద్దున్నే ఎగువ ఊరి నుంచి ఎర్ర తువ్వాలాయన వచ్చి, నారుమడి ఎండిపోతోంది, ఒక్క గంట వదలమని బతిమాలాడు. లస్కరుగారు తాళం తీసి ఎగువ తూము ఎత్తారు. గంటే కదా అని గట్టు మీద కూర్చున్నారు. తన వెంట తెచ్చుకున్న పులిహోర తిన్నారు. తిన్నాక కునుకు పట్టింది. లేచేసరికి పొద్దు పడమటికి తిరిగింది, దిగువ కాలువలో నీళ్ళు లేవు, దిగువ ఊరి జనం కర్రలు పట్టుకుని గట్టు వెంట వస్తున్నారు. లస్కరుగారు రాయి తీసుకుని తాళాన్ని తానే బద్దలుకొట్టి, ఎవరో పగలగొట్టారని చెప్పేశారు. నీళ్ళు పారింది ఎర్ర తువ్వాలాయన పొలంలో. ఇక వేరే సాక్ష్యం ఎవరికి కావాలి. గట్టు మీద కొట్లాట, ఒకరి చెయ్యి విరిగింది, శివారు పొలాల్లో నాట్లు ఎండాయి, ఎర్ర తువ్వాలాయన ముద్దాయి అయ్యాడు. లస్కరుగారు మొదటి సాక్షి. ఆరేళ్ళు. తాళం నేను పగలగొట్టలేదు, ఆయనే తీసిచ్చాడని ముద్దాయి చెబితే అందరూ నవ్వారట.

ఈ ఆరేళ్ళూ ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని వాయిదాలకు వచ్చారు. దారిలో వేరుశనక్కాయలు కొని సగం సగం తిన్నారు. ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

నాకు పెద్దాచిన్నా చూడని నోరు ఉంది. సిగ్గులేదా బాబాయ్‌గారూ అనేశాను. పక్కింటి కుండలో చెయ్యి పెట్టలేని మనిషి, పక్కవాడి బతుకును ఇలా బోనులో పెట్టి కూర్చుంటారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఎర్ర తువ్వాలాయన గురక మధ్యలో ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది. విన్నా, మా మాటల్లో ఆయనకు తెలియనిది ఏమీ లేదు.

చివరికి లస్కరుగారు ఒక్కటే అడిగారు. నిజం చెబితే సొంత ఊళ్ళో తలెత్తుకుని తిరిగే పని ఉండదు, దిగువ ఊరి నాట్లు ఎండబెట్టింది దిగువ ఊరివాడేనని తెలుస్తుంది. చెబితే ఏమయ్యేదీ ఆటలో ముందే రాసి ఉంటే బాగుండును కదా అన్నారు. కొన్ని ఆటల్లో రాసి ఉంటుందని చెప్పాను. ఈ మాట అంటే ఫలానావాడు మెచ్చుకుంటాడు, ఈ మాట అంటే ఫలానావాడు దూరమవుతాడు అని బొమ్మ వేసి మరీ చూపిస్తారు.

"బాగుంటాయా అయ్యి?"

"చెత్తగా ఉంటాయండీ" అన్నాను.

ఆయన సాక్ష్యం రోజున నేను షాపు మూసి వెళ్ళాను. ప్రభుత్వం తరపు లాయరు చాలా ఉత్సాహంగా లేచి, తాళం ఎవరు పగలగొట్టారో కోర్టువారికి చెప్పమన్నారు. లస్కరుగారి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. "నేనేనండి. ముందు తాళంచెవితో తీశాను, తరవాత రాయితో కొట్టాను. ఈయన ఒక గంట అడిగాడు. నిద్రపోయింది నేను" అన్నారు. లాయరుగారు కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పారు. అవతలి లాయరు, అంటే ఎర్ర తువ్వాలాయన తరపు ఆయన, ఇంకా ఎక్కువ కంగారు పడ్డాడు. ఆయన నలభై ప్రశ్నలు రాసుకొచ్చాడు, వాటిని నేనే ప్రింటు తీసిచ్చాను. ఒక్కటీ పనికి రాలేదు. సాక్షి అడ్డం తిరిగాడని రాసుకున్నారు. అన్నేళ్ళూ అడ్డంగా ఉండి ఆ రోజే తిన్నగా నిలబడిన మనిషిని.

కొన్నాళ్ళకు కేసు కొట్టేశారు. కోర్టు బయట లస్కరుగారు వేరుశనక్కాయల పొట్లం కొని ఎర్ర తువ్వాలాయన ముందు పెట్టారు. ఆయన తీసుకోలేదు. నా వైపు తిరిగి, ఇన్నాళ్ళూ సాక్షితో మంచిగా ఉండమని లాయరుగారు చెప్పారు కాబట్టి ఉన్నాను, ఇక నాకు ఆ అవసరం లేదు అన్నాడు. అని ముందొచ్చిన బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. లస్కరుగారు పొట్లం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. చివరికి నాకిచ్చారు. నేను దాన్ని షాపుకు తెచ్చి పిన్నుల డబ్బా పక్కన పెట్టాను.

ఆ తర్వాత వాయిదాలు లేకపోయినా ఆయన నాలుగైదు సార్లు వచ్చారు. పాత శాఖ వాళ్ళు సంజాయిషీ అడిగారట. ఊళ్ళో టీ కొట్టు దగ్గర బల్ల మీద ఆయన కూర్చుంటే మిగతావాళ్ళు లేచేవారట. ఒకావిడ మాత్రం తన గోడ దగ్గర నిలబడి, ఆయన వీధి చివర మలుపు తిరిగేదాకా తిట్టిందట. ఆవిడ పొలం శివారులోదే. ఆ తిట్లలో కొన్ని నాకు చెప్పారు, రాయటానికి వీల్లేదు. ఎర్ర తువ్వాలాయన మళ్ళీ కలిశాడా అని అడిగాను. రోజూ వాళ్ళింటికి వెళుతున్నానన్నారు. మాట్లాడాడా అంటే తల అడ్డంగా ఊపారు. ఆ పడవ ఆట మాత్రం వదల్లేదు. సేవ్ దగ్గరికి వెనక్కి వెళ్ళలేదు, కొత్తగా మొదలుపెట్టనూ లేదు. ఆ మట్టి దిబ్బ అలాగే ఉన్న దేశంలోనే మిగతా పనులన్నీ చేసుకుంటూ పోయారు. ఎవరికి మాటిచ్చినా ముందు ఆ పని చేసి, తర్వాతే ఆనకట్టలు చూశారు. ఇంతకంటే మంచి ఆట నాకు చూపించకమ్మా అన్నారు. నేనూ ఆ ఆటలో నా పాత సేవ్‌లన్నీ తుడిపేశాను. నా వీరుడు ఇప్పుడు అంత మంచివాడు కాదు.

తర్వాత ఆయన రావటం మానేశారు. పొలం పనులు మొదలయ్యాయేమో, మనసు బాగుపడిందేమో అనుకున్నాను. మనుషులు రాకపోతే నేనిలాగే ఏదో ఒకటి బాగుందని అనుకుంటాను.

చావు కబుర్లు నాకు జిరాక్సు గాజు మీద తెలుస్తాయి. కోర్టు పక్క షాపుకు అది మామూలే. ఒక కాగితం బోర్లించబోతూ చూశాను. ఖాకీ చొక్కా ఫోటో ఉన్న పాత గుర్తింపు కార్డు, దానితో మరణ ధ్రువీకరణ పత్రం. పేరు చదివాను. అన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేరు అడగనైనా లేదు, కోర్టులో పిలిచినా చెవికెక్కలేదు. ఆ పేరు ఆయనదిగా అనిపించలేదు కాబట్టి ఇక్కడ రాయటం లేదు. తలెత్తితే ఎదురుగా ఎర్ర తువ్వాలాయన. లస్కరుగారి ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పింఛను కాగితాలకు తిరగలేదు, అందుకని నేనొచ్చాను అన్నాడు.

నాకు దుఃఖం కంటే ముందు కోపమే వస్తుంది. చచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఇప్పుడు కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారా అని అడిగాను. ఆయన నా మాట పట్టించుకోకుండా వెనక గదిలోకి వెళ్ళి సోఫాలో తన మామూలు చోటే కూర్చున్నాడు. పక్కన చోటు వదిలాడు. నేను ఏసీ వేశాను. ఆయన ఈసారి నిద్రపోలేదు. కాసేపటికి తనే చెప్పాడు.

లస్కరుగారు రోజూ పది గంటలకు కాలువ గట్టు వెంట నడుచుకుంటూ వచ్చి వీళ్ళ అరుగు మీద కూర్చునేవారట. ఈయన ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఈయన భార్య ఇద్దరికీ కాఫీ ఇచ్చేది. లస్కరుగారు నీళ్ళ సంగతులు, ఆటల సంగతులు, కొమ్ముల రాక్షసుడి సంగతులు చెప్పుకుంటూ పోయేవారు, ఈయన పేపరు దించేవాడు కాదు, ఊఁ కొట్టేవాడు కాదు. గంట కూర్చుని వెళ్ళిపోయేవారు. పది నెలలు. వానల్లో గొడుగేసుకుని కూడా వచ్చారు. ఒకరోజు పదకొండైనా రాలేదు. ఈయనే చెప్పులేసుకుని గట్టు వెంట దిగువ ఊరికి నడిచాడు. వెళ్ళేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు.

కోపం అంతకాలం ఎలా ఉంచుకున్నారండీ అన్నాను.

"కోపం రెండు నెలలకే పోయిందమ్మా" అన్నాడు. "పలకరిస్తే, ఇక పనైపోయిందిలే అని రావటం మానేస్తాడేమోనని ఊరుకున్నా."